నేసిన బట్ట తగ్గదు

"ఆ మగ్గం బొమ్మలో ఆఖర్న సీర కోస్తారా?" అని అడిగాడు మా ఆయన.

"కోస్తారు."

"ఎవరు కోస్తారు?"

"ఇద్దరూ పట్టుకుంటారు. ఆమె కోస్తాది. ఇంగ పండుకో."

ఆయనకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఆదోనిలో ఆసుపత్రి మంచం మీద అడిగాడు. పండుకోమంటే పండుకున్నాడు, మళ్లీ లేవలేదు. తర్వాత చుట్టాలందరూ నా చుట్టూ కూర్చుని, పోయేముందు ఏమన్నాడు, పిల్లల గురించి ఏమన్నా చెప్పాడా, దేవుణ్ణి తలుచుకున్నాడా అని అడిగారు. సినిమా గురించి అడిగాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందరి పేర్లూ తలుచుకున్నాడని అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరులే.

ఆ సినిమాను ఎమ్మిగనూరులో ఆడించింది ఆయనే. ఒకే టాకీసులో ఇరవై ఏళ్లకు పైగా ఆపరేటరు పని చేశాడు. వేల ఆటలు ఆడించిన మనిషి ఒక్క సినిమా కూడా కుదురుగా చూడలేదు. పైన క్యాబిన్‌లో రెండు మిషన్లు ఉండేవి. ఒకదాంట్లో రీలు అయిపోయే లోపల రెండోదాంట్లో ఎక్కించాలి. వెలుగు కోసం రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా మండుతుంటాయి. అవి అరిగే కొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఆపరేటరు కన్ను తెర మీదికి పోయిందంటే తెర మీద వెలుగు పోతుంది. అందుకని ఆయనకు సినిమా అంటే చప్పుడే. ఫలానా మాట వినపడితే రీలు మార్చాలి, ఫలానా పాట వస్తే బీడీ తాగొచ్చు, అంతే.

నేను కింద ఆడవాళ్ల గేటు. ఆ కాలంలో నేల తరగతిలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. ఆడవాళ్ల వైపు టిక్కెట్టు చించడం, చీకట్లో టార్చి వేసి చోటు చూపించడం, గోడ మీద మోచేతులు పెట్టి ఇటు తొంగిచూసే మగవాళ్లను అదిలించడం నా పని. సావుకారి, అంటే టాకీసు ఓనరు, నన్ను ఆ పనికి పెట్టుకున్నది మా ఆయన మొహం చూసి కాదు, నా గొంతు విని. నా గొంతు చిన్నప్పటినుంచీ మోటే. ఒక్క అరుపు అరిస్తే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్లు.

ఇంకొక పని ఉండేది, దానికి ఎవరూ జీతమివ్వలేదు. ఆడవాళ్లు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాళ్లు. ఇంట్లో అందరికీ పెట్టి, గిన్నెలు కడిగి, పరుగెత్తుకొచ్చేసరికి సగం సినిమా అయిపోయి ఉంటుంది. టిక్కెట్టు నా చేతికిస్తూనే "ఇంతవరకు ఏమైంది?" అని అడిగేవాళ్లు. చోటు చూపించే లోపల నాలుగు మాటల్లో కథ చెప్పేదాన్ని. ఎమ్మిగనూరులో ఎన్నో సినిమాల మొదటి సగం నా నోటితోనే నడిచింది.

నాకు సంతకం వచ్చు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అంతకు మించి అక్షరం రాదు. ఇదంతా నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది. మొన్న ఆ పిల్లే తన ఫోన్‌లో సినిమాల గురించి జనం రాసినవి చదివి వినిపించింది. పది నిమిషాలు చూసి చెత్త అని రాసినవాడు ఒకడు, చూడకుండానే రాసినవాడు ఇంకొకడు. నేను వద్దనడం లేదు, రాసుకోండి. మీ టిక్కెట్టు మీది, మీ నోరు మీది. ఒక్కటి జరిగింది, అది చెప్తాను.

డెబ్బైల ఆఖర్లో అనుకుంటాను, మగ్గం సినిమా వచ్చింది. అసలు పేరు వేరే, ఊర్లో అందరూ మగ్గం బొమ్మ అనే అనేవాళ్లు. నలుపు తెలుపు. పెద్ద హీరో లేడు, కొట్లాట లేదు, పాట ఒక్కటే ఉంది, అదీ ఆ మనిషి మగ్గం మీద కూర్చుని కూనిరాగం తీసేదే. ముందు ఆదోనిలో వేశారు. నాలుగు రోజులకే ఎత్తేశారు. శుక్రవారం పొద్దున పెట్టె బస్సులో మా ఊరికి వచ్చింది.

మా టాకీసుకు ఎదురుగా ఒక హోటలు ఉండేది. హోటలాయన బాగా చదువుకున్న మనిషి, నాలుక పదునైన మనిషి. గోడకు ఒక నల్లపలక తగిలించి ఉండేది. పై సగంలో ఉగ్గాని, బజ్జీ, పూరీ అని ఆ పూట ఏముందో రాసేవాడు. కింది సగంలో ఎదురు టాకీసులో సినిమా ఎట్లుందో రాసేవాడు. ప్రతి శుక్రవారం మ్యాట్నీ చూసి వచ్చి, చేతులు కడుక్కుని, సుద్దముక్క తీసేవాడు. సి.బెళగల్ వైపు నుంచి బస్సు దిగిన పల్లెజనం ముందు ఆ పలక చదివి, ఆ తర్వాతే టిక్కెట్ల కిటికీ దగ్గరికి పోవాలో, అంగడికి పోవాలో తేల్చుకునేవాళ్లు. సావుకారి మద్రాసు నుంచి వచ్చే పోస్టర్లకు భయపడేవాడు కాదు, ఆ సుద్దముక్కకు భయపడేవాడు.

ఆ శుక్రవారం ఏం రాశాడో నేను చదవలేదు కానీ, బయట నవ్వులు విని ఒక బీడీల ఆయన్ను చదవమని అడిగాను. చదివాడు. "మగనికి మతి లేదు. ఆలికి నోరు లేదు. తీసినోనికి రెండూ లేవు. బజ్జీలు వేడిగా ఉన్నాయి."

నాకు మండింది. నేను నేసేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. ఏడేళ్లకే, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలోకి నూలు కండెలు చుట్టాను. ఆ బొమ్మలో ఒక నేతగాడు, ఆయన పెండ్లాము, మగ్గం మీద ఒక చీర. కథంతా ఆ చీర మొదలయ్యే నాటి నుంచి, నేత అయిపోయి మగ్గం మీంచి కోసే నాటి దాకా. ఆయనకు కళ్లు మసకబారుతుంటాయి, ఎవరికీ చెప్పడు. మా నాయనకూ అట్లే అయింది. దారం తెగితే చేత్తో తడిమి తడిమి ముడి వేస్తూ, మేం చూస్తే దగ్గినట్టు తల తిప్పుకునేవాడు. తెర మీద ఆ మనిషి అట్లే తల తిప్పుకుంటే నేను గేటు వదిలేసి గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.

హోటల్లోకి పోయి అడిగాను. "అన్నా, ఆ బొమ్మ నిన్నేం సేసింది?"

"నా మధ్యాన్నం తినేసింది మా" అన్నాడు.

"మగ్గం ఎంత బాగా సూపించినారు. ఆ యమ్మ నాడె పట్టుకునేది సూస్తివా? నేర్సుకుని పట్టుకునింది."

"నాడె సూసేదానికైతే మా పక్కింట్లోనే మగ్గముండాది. టిక్కెట్టు లేకుండా సూస్తా."

టీ తాగేవాళ్లందరూ నవ్వారు. ఆయన బజ్జీల జల్లిగరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "నువ్వు రోజూ మూడాటలు సూస్తావు గదా. ఒక్కటి సెప్పు. ఆ మగోడు పెండ్లాముతో మాట్లాడేది ఏంటికి మానేసినాడు? ఆమె ఏం తప్పు సేసింది? కారణం సెప్పు, ఇప్పుడే పలక తుడిసేస్తా."

నాకు తెలియలేదు. నిజంగానే సినిమాలో కారణం లేదు. ఆ మనిషి ఉన్నట్టుండి మాట మానేస్తాడు. ఆమె కుమిలిపోతుంది. తర్వాత కొంతసేపటికి, మొగుడు లేనప్పుడు ఆమె మగ్గం మీద కూర్చుని ఆయన నేసిన తప్పులు విప్పి మళ్లీ నేస్తుంది. అంతలోనే ఇద్దరూ కలిసిపోతారు.

"సెప్పలేకపోతివి గదా" అన్నాడు.

"బొమ్మలో తప్పు లేదన్నా. మనకే ఏందో సరిగ్గా కనపడలేదు" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. ఇష్టమైనదాన్ని ఎవరన్నా తిడితే ఏదో ఒకటి అనాలి కదా, అట్లా అన్నాను.

శనివారం మ్యాట్నీకి అరవై మంది కూడా లేరు. సినిమా మొదలై చాలాసేపయ్యాక ఒక నేతపని ఆమె వచ్చింది, చీర కొంగుకు ఇంకా నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. "ఏమైందక్కా ఇంతవరకు?" అంది. నేను టార్చి వేస్తూ చెప్పాను. "మగనికి కండ్లు కనపడవు. ఆయన తప్పులు నేస్తాంటే ఈమె దొంగతనంగా దిద్దుతాది. అది ఆయనకు తెలిసిపాయ. రోసమొచ్చి మాట్లాడడు."

ఆమె కూర్చుంది. కాసేపు తెర చూసి, నా చెయ్యి పట్టి గుంజింది. "ఏమక్కా, ఆయన మాట్లాడక శానాసేపైంది. ఈమె ఇప్పుడు గదా దిద్దుతాండాది? నువ్వు సెప్పింది తిరగేసి సెప్తివే."

అక్కడే నిలబడిపోయాను. నేను సినిమాలో చూసింది చూసినట్టు చెప్పలేదు. కథ ఎట్లా ఉంటే నా మనసుకు ఎక్కుతుందో అట్లా చెప్పేశాను. నా నోరు తప్పా, తెర తప్పా? అప్పుడు ఆ మగ్గం వైపు చూశాను, మనిషి మొహాలు వదిలేసి. నేసిన బట్ట నేతగాని ఒడి దగ్గర ఒక దుంగకు చుట్టుకుంటూ పోతుంది. చీర నేసే కొద్దీ ఆ చుట్ట లావవుతుంది. కాసేపటి కింద ఆయన మాట్లాడకుండా కూర్చున్నప్పుడు చుట్ట నా పిడికిలంత ఉండడం గుర్తొచ్చింది. ఇప్పుడు ఆమె దిద్దేటప్పుడు రెండు వేళ్ల లావు కూడా లేదు.

తప్పులు విప్పితే తగ్గుతుందేమో అంటారు మీరు. విప్పితే జానెడు తగ్గుతుంది, పది మూరలు తగ్గదు. నేసిన బట్ట తగ్గదు. అంటే రీళ్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకూ పోయాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఆట అయిపోగానే మెట్లెక్కి మా ఆయన దగ్గరికి పోవాల్సింది. పోలేదు. రోడ్డు దాటి హోటలుకు పరుగెత్తాను. గెలిచాననే సంబరం. పది మంది ముందర గట్టిగా చెప్పేశాను. "అన్నా, కారణం అడిగితివి గదా, ఇను. రీళ్లు తారుమారైనాయి. బొమ్మది తప్పు కాదు."

ఆయన బాణలి మీది నుంచి తల ఎత్తలేదు. "అయితే తప్పు మీ ఆయనదా?" అన్నాడు.

నేను గిరుక్కున తిరిగి గేటు దగ్గరికి వచ్చేశాను.

సాయంత్రం మొదటి ఆట టైముకు ఆ మాట ఊరంతా తిరిగి, తిరిగే కొద్దీ పెరిగింది. రీళ్లు తారుమారయ్యాయన్నది, ఆపరేటరు రీళ్లు కోసి అమ్ముకున్నాడు అయింది. సినిమా సగంలో మగవాళ్ల వైపు అరుపులు మొదలయ్యాయి. "ఆపరేటర్ రీళ్లు మింగినాడు" అని ఒకడు, "కక్కరా" అని ఒకడు. రెండు బెంచీలు విరిచారు. మా ఆయన పైనుంచి ఏమీ అర్థం కాక చిన్న కిటికీలోంచి తల పెట్టి చూస్తే చెప్పు ఒకటి ఆయన వైపు వచ్చింది.

సావుకారి వరండాలో నిలబెట్టి అడిగాడు. "కోసినావా?"

"నేను రీలుకు కత్తెర పెట్టే మనిషినా సావుకారీ?"

"నాకు తెల్దు. రేపు మ్యాట్నీ ఆడించు. అది కూడా ఇట్లనే అయితే పెట్టె ఎత్తేస్తా. పెట్టెతో పాటు నువ్వు కూడా బస్సెక్కు."

ఇంటికి వచ్చి ఆయన గోడ వైపు తిరిగి పండుకున్నాడు. ఆదివారం పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి ముందు పెట్టాక, ధైర్యం తెచ్చుకుని చెప్పాను. రీళ్ల సంగతి ముందు చెప్పాను, ఆ మాట పుట్టింది నా నోట్లోనే అని తర్వాత చెప్పాను.

తట్ట పక్కకు జరిపాడు. "గేటు కాడ నిలబడేదానివి, నాకు రీళ్లు నేర్పిస్తావా మే?"

"నేర్పించలే. సుట్ట సన్నమైందంటాండా."

"డబ్బాల మీద నంబర్లు రాసింది ఎవరో తెలుసునా? వస్తాదు. ఆయన రాసినాక దేవుడు రాసినట్టే."

వస్తాదు అంటే ఆదోని ఆపరేటరు. మా ఆయనకు పని నేర్పిన గురువు. ఆ చుట్టుపక్కల టాకీసుల్లో సగం మంది ఆపరేటర్లకు ఆయనే నేర్పాడు. వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. పెద్దవాడు డబ్బా మీద నంబరు వేసి పంపితే చిన్నవాడు విప్పి సరిచూడడు. సరిచూస్తే నీ మాట నమ్మలేదని మొహం మీద అన్నట్టు. రీలు మొదట్లో నంబరు వేసిన ముక్క ఒకటి ఉంటుంది. ఈ పెట్టెలో కొన్ని రీళ్లకు ఆ ముక్కలు ఆదోనిలోనే తెగిపోయాయి. వస్తాదు ఖాళీ ముక్కలు అతికించి, డబ్బాల మీద సుద్దతో నంబర్లు వేసి పంపాడు. మా ఆయన కళ్లకద్దుకుని ఎక్కించాడు.

"ఒకసారి వెలుగుకు పెట్టి సూడు. నా మాట తప్పైతే వస్తాదు కాళ్లు నేను పట్టుకుంటా" అన్నాను.

సగం తిని లేచాడు. ఇద్దరం క్యాబిన్‌కు పోయాం. అన్నేళ్లలో నేను ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. ఆయన ఒక డబ్బాలోంచి రీలు కొంచెం లాగి కిటికీ వెలుగుకు పట్టుకుని, భూతద్దం నా చేతికిచ్చాడు. గోరంత గోరంత బొమ్మలు. మగ్గం కనపడే చోటు కోసం మూరలు మూరలు లాగాడు. కనపడింది. చుట్ట లావుగా ఉంది. తర్వాతి డబ్బా తెరిచాడు. చుట్ట సన్నం. ఆయన భూతద్దం నా చేతిలోంచి తీసుకుని తనే చూశాడు. మళ్లీ మొదటిది చూశాడు. మళ్లీ రెండోది.

"ఆయనెట్ల తప్పు రాస్తాడు?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు.

"ఆయన కండ్లెట్లుండాయి?" అన్నాను.

ఉరుకుంద జాతరలో వస్తాదు మాకు కనపడిన సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మేం పలకరించే దాకా మమ్మల్ని గుర్తుపట్టలేదు. బస్సు మెట్టు కోసం కాలితో తడుముకున్నాడు. జనం ఎక్కువయ్యారు కదా అనుకున్నాం. ముప్పై ఏళ్లు ఆ కార్బన్ మంటను చూసిన కళ్లు.

సినిమాలో ఉన్నదే మాకూ జరిగిందని మీరు నవ్వొచ్చు. నాకైతే అప్పుడు నవ్వు రాలేదు, భయమేసింది. దారులు రెండే ఉన్నాయి. సావుకారి దగ్గరికి పోయి, తప్పు నాది కాదు, ఆదోనిది అని చెప్తే మా ఆయన పని నిలుస్తుంది. ఆ మాట గంటలో ఆదోనికి చేరుతుంది. కళ్లు లేని ఆపరేటరును ఎవరు పెట్టుకుంటారు? చెప్పకపోతే బస్సెక్కేది మేము.

"సావుకారికి సెప్పొద్దు" అన్నాడు ఆయన.

"మరి నీ పని?"

"రీళ్లు సరిజేసి ఆడిస్తా. బొమ్మ మంచిదంటివి గదా నువ్వు. మంచిదైతే అదే కాపాడుతాది."

ఆ మాట అని ఆయన పనిలో పడ్డాడు. నేను బాగుందన్న సినిమా మీద మా కూడు పెట్టాడు ఆయన. ఇష్టమని చెప్పడం వేరే, దాని మీద మొగుని పని నిలబెట్టడం వేరే.

నేను హోటలుకు పోయాను. అప్పుడే బాణలి వేడెక్కుతోంది, ఇంకా ఎవరూ రాలేదు. "అన్నా, ఈ పొద్దు మ్యాట్నీకి రా" అన్నాను.

"నేను ఏ బొమ్మనూ రెండుసార్లు సూడను మా."

"నువ్వు ఒకసారి కూడా సూడలే. ముక్కలు సూసినావు."

"అయితే రీళ్లు తప్పైంది నిజమే. ఎవరిది ఆ తప్పు?"

"అది అడగొద్దన్నా. అడిగితే ఒక ముసలాయన కూడు పోతాది. ఆ మాట నేనే తెచ్చి నీ హోటల్లో పడేస్తి. నన్ను తిట్టు, సాలు."

ఆయన పిండి కలిపిన చెయ్యి కడుక్కుంటూ, "టిక్కెట్టు కొనుక్కునే వస్తాలే. ఊరికే సూసినానంటే మొగమాటానికి రాసినాననుకుంటారు" అన్నాడు.

మ్యాట్నీకి జనం బాగానే వచ్చారు, సినిమా కోసం కాదు, గలాటా కోసం. ఆడవాళ్ల వైపు మాత్రం మగ్గాలవాళ్లు, చర్చి విడిచాక అట్లే వచ్చినవాళ్లు కలిసి నిండింది. సావుకారి చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. హోటలాయన బెంచీలో కూర్చున్నాడు. మొదట్లో మగవాళ్ల వైపు ఈలలు, "ఏం ఆపరేటరూ, రీళ్లు అరిగినాయా?" అని కేకలు. నేను తెర చూడలేకపోయాను. గేటు పక్కన మోడా మీద కూర్చుని, ఆయనకు మల్లే చప్పుడు విన్నాను.

ఆమె మగ్గం ఎక్కింది, తప్పులు దిద్దుతోంది. నాడె చప్పుడు మెల్లగా, దొంగచప్పుడు. ఆ తర్వాత ఆయన వచ్చి బట్ట మీద చెయ్యి పెట్టి తడిమే చోటు. అక్కడ మాటలు లేవు. తన తప్పు తన వేళ్లకు దొరకదు, ఎవరో దిద్దారని తెలుస్తుంది. అంతకు ముందు ఆటల్లో ఆ చోటుకు ఎప్పుడూ నవ్వులే వినపడేవి. ఆ రోజు మొదట ఒకడు ఏదో అనబోయాడు. ఇంకొకడు, మగవాళ్ల వైపే, "నోరు మూసుకో రా" అన్నాడు. ఆ తర్వాత ఆయన మాట మానేశాడు. ఎందుకు మానేశాడో ఆ హాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నా పక్కన ఒక ముసలామె కొంగు నోట్లో పెట్టుకుంది.

అప్పుడు మోడా మీంచి లేచి తెర వైపు చూశాను.

ఆట వదిలాక జనం గేటు దగ్గర తోసుకోలేదు, మెల్లగా నడిచారు. సావుకారి లోపలికి పోయాడు. నేను రోడ్డు దాటి హోటలు ముందర నిలబడ్డాను. హోటలాయన పలక కింది సగం తడిగుడ్డతో తుడిచి, అది ఆరే దాకా ఆగి, రాశాడు. పక్కనున్నవాళ్లను చదవమన్నాను. "మొన్న రాసింది నా తప్పు. పోయి సూడండి." బజ్జీల గురించి ఆ రోజు ఏమీ రాయలేదు.

ఒకాయన అడిగాడు. "ఏం సామీ, ఆపరేటర్ రీళ్లు కలిపేసినాడంట గదా?"

"రీళ్లు బాగానే ఉండాయి. మొన్న నా బజ్జీలు నేనే ఎక్కువ తిని నిద్రపోయింటి. సగం సూసి రాసేస్తి" అన్నాడు, సావుకారికి వినపడేంత గట్టిగా. ఊర్లో అందరి సినిమాలకూ తీర్పు చెప్పే మనిషి, అంతమంది ముందు నిద్రపోయానని చెప్పుకున్నాడు. నేను ఆయన్ను ఎన్నోసార్లు మనసులో తిట్టుకుని ఉంటాను, ఆ తర్వాత తిట్టలేదు.

సావుకారి మా ఆయన్ను పిలిచి, "పెట్టె ఉండనీ" అన్నాడు. పోతూ పోతూ, "ఆ ఇరిగిన బెంచీలకు మేకులు నువ్వే కొట్టు" అన్నాడు. ఆయన భాషలో అది క్షమాపణ. మా ఆయన మేకులు కొడుతుంటే ఆ సుత్తి చప్పుడు నాకు పెండ్లి మేళం లాగా ఉంది.

రెండు వారాలు ఆడింది. గొప్ప అని చెప్పను. కొట్లాట లేని నలుపు తెలుపు బొమ్మకు మా ఊర్లో అది చాలా ఎక్కువ.

పెట్టె తిరిగి పంపే ముందు మా ఆయన ప్రతి డబ్బా మీదా తెల్లరంగుతో అరచేతంత నంబర్లు వేశాడు. వస్తాదుకు ఎట్లా చెప్పాలో తెలియక నన్ను కూడా వెంట తీసుకుని ఆదోని బస్సెక్కాడు. టాకీసు వెనక నీడలో వస్తాదు టీ తాగుతున్నాడు. మా ఆయన పెట్టె దించగానే ఆయన డబ్బాల మీద వేళ్లు పెట్టి, ఎండిన రంగును తడిమాడు.

"బేటా, ఇది నా రాత కాదే."

"సుద్ద సెరిగిపోయిండె వస్తాదూ. రంగుతో రాసినా."

"ఏమన్నా మార్చినావా?"

"ఏం మార్సలే."

వస్తాదు గ్లాసు కింద పెట్టాడు. "నాలుగు రోజులు ఈడ జనం ఆ బొమ్మను తిట్టినారు. నేను గూడా తిట్టినా, బుర్ర లేనోడు తీసినాడని. మీ ఊర్లో రెండు వారాలు ఆడిందంట."

మా ఆయన తల దించుకున్నాడు. నేను నోరు తెరవబోయి, ఆ ఒక్కసారి మూసుకున్నాను.

"మంచిపని సేసినావు" అన్నాడు వస్తాదు. "ఇంగమీద ఇట్లనే పెద్దగా రాయి. అందరికీ కనపడాల."

ఆ తర్వాత కొన్ని నెలలకు వస్తాదు ఎవరూ అడగకుండానే తనంతట తనే క్యాబిన్ దిగి, టిక్కెట్లు చించే పనికి మారాడు. టిక్కెట్టు చించడానికి కళ్లు అంతగా అక్కరలేదు. నేను కనపడితే, అంటే నా గొంతు వినపడితే, "ఇప్పుడు మనం ఇద్దరం గేటోళ్లమే బేటీ" అని నవ్వేవాడు. ఎవరూ తోసేయకుండా దిగాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో చల్లగా ఉంటుంది.

ఒక్క బాధ మిగిలింది. ఆదోనిలో ఆ బొమ్మను మళ్లీ వేయలేదు. అక్కడ అది చెడ్డ సినిమాగానే ఉండిపోయింది. ఎనభైల్లో ఒకసారి ఆదోని పెండ్లిలో ఒకాయన, ఇంతవరకు చూసినవాటిలో అంత చెత్త బొమ్మ లేదని చెబుతుంటే పక్కనే కూర్చుని పాయసం తాగాను. చెప్పాలంటే వస్తాదు సంగతి చెప్పాలి. అప్పటికి ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. అందుకని, "ఎమ్మిగనూర్లో బాగుండెనన్నా" అని మాత్రం అన్నాను. "మీ ఊరోళ్లకు ఏమైనా బాగుంటాది" అన్నాడు.

పిల్లలకు నేను చెప్పగలిగింది ఇంతే. ఒక బొమ్మ మీకు తలాతోకా లేకుండా కనపడితే తీసినవాడికి బుర్ర లేదని ముందే రాయకండి. ఎక్కడో ఒక ముసలాయన మసక కళ్లతో నంబరు వేసి ఉండొచ్చు. నా మాదిరి గెలిచాననే సంబరంతో రోడ్డు దాటి అరవనూ వద్దు. నిజంగానే చెత్త సినిమాలు కూడా ఉన్నాయిలే, నేను వాటికి కూడా టార్చి వేశాను.

వస్తాదు పోయాడు, హోటలాయన పోయాడు, సావుకారి పోయాడు, మా ఆయన పోయాడు. ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్న మాట ఇప్పుడు కాగితం మీద పెట్టాను. ఎవరి పేరూ రాయలేదు కదా తల్లీ? వస్తాదు మనవళ్లు ఆదోనిలోనే ఉన్నారు, చదువుకున్నవాళ్లు. ఎప్పుడన్నా వాళ్ల కంట పడితే, తాతను తక్కువ చేసి చెప్పిందనుకోకూడదు. నా నోరు మోటుది, ఆయన కళ్ల గురించి చెప్పిన చోట మాట ఎక్కడన్నా గరుకుగా పడిందేమో. ఏదీ, ఉరుకుంద జాతర కాడి నుంచి ఒకసారి చదువు, వింటాను.